ఎంగిలి వాయిద్యం

మా తాత పలక కొట్టినాడు. మా నాయనా పలకే కొట్టినాడు గానీ నడివయసులో బ్యాండు సెట్టులో చేరి పెద్ద డ్రమ్ము మెడకేసుకున్నాడు. నేను శాక్సాఫోను వూదతా, క్లారినెట్టు వూదతా. మూడు తరాలకి చేతి వాయిద్యం కాడ్నించి నోటి వాయిద్యం కాడికి వచ్చాం. అదేమంత దూరమని మీకు అనిపించవచ్చు. ఎంత దూరమో చెప్పడానికే యీ నాలుగు మాటలు.

పలకని పుల్లలతో కొడతారు. కొట్టేవాడు వొక మూల, వినేవాడు వొక మూల. మధ్యలో గాలి తప్ప యింకేం లేదు. ఆ గాలికి అంటు లేదని వూరు ఎప్పుడో తీర్మానం చేసుకుంది. అందుకే జాతరకి మా మోత కావాల, శవం లేస్తే మా మోత కావాల, దండోరాకి మా మోత కావాల. నోటితో వూదేది అట్టా కాదు. మౌత్‌పీసు పెదాల మధ్య పెట్టుకోవాల. రీడు నాలిక మీద నానాల. వూపిరితో పాటు వుమ్మి గూడా గొట్టంలోకి దిగుద్ది. నేర్పేవాడు నీ వాయిద్యం తీసుకుని తన నోట్లో పెట్టుకుని వూది చూపిస్తేనే ఆ చదువు సాగేది. వొకరి ఎంగిలి యింకొకరి నోట్లోకి పోవాల్సిన చదువు. అట్టాంటి చదువు మాదిగోడు ఎవురి దగ్గిర నేర్చుకోవాల?

మాది అల్లూరు పక్క. బకింగ్‌హామ్ కాలవకి పడమటి గట్టున మా మాదిగపాళెం. 1876-78 కరువులో యీ కాలవ పని జరిగింది. ఒంగోలు మిషను పాదిరి క్లౌ దొర మూడున్నర మైళ్ళ పని కాంట్రాక్టుకి తీసుకుని, ఆకలికి చస్తున్న మాదిగల చేత తవ్వించినాడు. అప్పట్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలోనే వుండేది. 1878లో వేలమంది మాదిగలు బాప్తిస్మం తీసుకున్నది ఆ కరువు వెనకే. గుళ్ళోకి రానీని నోటికి చర్చిలో పాట దొరికింది. మా జేజి అక్షరం ముక్క రాకపోయినా కీర్తనలన్నీ నోటికి పాడేది. మా పాళెంలో నోటికి మర్యాద అక్కడ మొదలైందని నేననుకుంటా.

బ్యాండు వచ్చింది తెల్లోళ్ళ పటాలాల నించి. పటాలం బ్యాండుని చూసి రాజులు, జమీందార్లు పెట్టుకున్నారు. వాళ్ళని చూసి పెళ్ళిళ్ళలోకి వచ్చింది. సామాన్లు మీరట్ నించి వస్తాయి. అక్కడి జలీ కోఠీ బజారు, 1885లో మొదలైన నాదిర్ అలీ కంపెనీ అంటే బ్యాండు మేస్త్రీలకి బాగా తెలుసు. శాస్త్రాల్లో శాక్సాఫోను లేదు. లేదు గాబట్టి దాన్ని ఫలానావాడు వూదగూడదని ఎవురూ రాసి పెట్టలేదు. అట్టా దొరికిన సందులో నించి మేం దూరినాం. ఎర్రకోటు, గిల్టు గుండీలు, నెత్తిన టోపీ. కోటు పటాలందే, నిలబెట్టిన చోటు మాత్రం పలక నిలబడిన చోటే. వీధి మొగదల, పందిరికి బయట, ఎండలో.

నాకు శాక్సాఫోను నేర్పింది మా చిన్నాయన. ఆయన వూది చూపిచ్చి నా చేతికిచ్చేవాడు. నేను తుడవకుండా నోట్లో పెట్టుకునేవాణ్ణి. వొక యింటి ఎంగిలి, వొక పాళెం ఎంగిలి. దాని గురించి ఆలోచించే పనే లేకుండె. 1994లో 'డ్యూయెట్' సినిమా వచ్చింది. అందులో శాక్సు వూదింది కద్రి గోపాల్‌నాథ్. మంగుళూరు పక్క నాదస్వరం యింట్లో పుట్టి, మైసూరు ప్యాలెస్ బ్యాండులో శాక్సు విని దాని వెంట పడి, కర్ణాటక సంగీతాన్ని దాంట్లో పలికించిన మనిషి. 2019లో పోయినాడు. ఆ సినిమా పుణ్యాన మా బ్యాండుకి బయానా యిచ్చేవాళ్ళంతా "శాక్సు వుండాదా?" అని అడగతా వచ్చినారు. నేను రెండేళ్ళు కాలు నిలవకుండా తిరిగినా.

తిరిగినా గానీ రోడ్డు మీదే తిరిగినా. ముహూర్తం టయానికి బ్యాండుని ఆపమంటారు. లోపల జముఖానా మీద కూర్చున్న సన్నాయి, డోలు అందుకుంటాయి. కొన్ని పెళ్ళిళ్ళలో సన్నాయికి బదులు క్లారినెట్టు. మద్రాసు మనకి దగ్గిర గాబట్టి యీ అలవాటు అక్కడ్నించి వచ్చింది. తిరుచిరాపల్లి ఏ.కె.సి. నటరాజన్ క్లారినెట్టుతో నిండు కచేరీలు చేసినాడు. 2008లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆయనకి సంగీత కళానిధి యిచ్చింది, 2022లో పద్మశ్రీ వచ్చింది. నేను పందిరి గుంజ బయట నిలబడి, టోపీ చంకలో పెట్టుకుని లోపలి క్లారినెట్టు వినేవాణ్ణి. అది గూడా మా బ్యాండులో వుండే వాయిద్యమే. మరి వాళ్ళది కూర్చుని వూదే వాయిద్యం ఎట్టయింది, మాది నిలబడి వూదే వాయిద్యం ఎట్టయింది? నేను క్లారినెట్టు నేర్చుకోవాలని పట్టు పట్టింది యీ ప్రశ్న వల్ల.

నిజానికి యీ రెంటిలో క్లారినెట్టే పెద్దది. 1700 ప్రాంతంలో జర్మనీలో న్యూరెంబర్గ్ వూళ్ళో డెన్నర్ అనే పనివాడు దాన్ని తయారు చేసినాడు. శాక్సాఫోనుకి 1846లో పారిస్‌లో పేటెంటు తీసుకున్న అడాల్ఫ్ శాక్స్ గూడా క్లారినెట్టు వూదినవాడే, వాటిని తయారు చేసినవాడే. తమ్ముడు వచ్చినోడికి అన్న సుళువుగా వస్తాడని అందరూ అంటారు. రెంటికీ వొకే రకం రీడు, వొక బద్ద. చూసేదానికి వేళ్ళూ వొకటే. వూది చూస్తే తెలుస్తుంది.

నేర్పమని మొదట వొక గుడికాడ సన్నాయి పెద్దాయన్ని అడిగినా. క్లారినెట్టు గూడా బాగా వూదతాడని పేరు. ఆయన కసరలేదు, తిట్టలేదు. "నువ్వు వూదు, నేను విని తప్పొప్పులు చెప్తా. నీదాన్ని నేను నోట పెట్టలేను. మనసులో పెట్టుకోబాక" అన్నాడు. ఆయన కులాన్ని గూడా పైనోళ్ళు చిన్నచూపు చూస్తారు. గుళ్ళో మేళం పెట్టుకుంటారు, యింట్లో నడవ దాటనీరు. ఆ బాధ తెలిసినోడే నన్ను తన అరుగు కింద నిలబెట్టినాడు. అంబేద్కర్ చెప్పిన నిచ్చెనమెట్ల అసమానత నాకు పుస్తకంలో కంటే ముందు ఆ అరుగు కింద అర్థమైంది.

ఆ తర్వాత నెల్లూరు కోటమిట్టలో వొక సాయబు మేస్త్రి దగ్గిరికి పోయినా. ముప్పై ఏళ్ళు బ్యాండులో క్లారినెట్టు వూదిన మనిషి. నా చేతిలో క్లారినెట్టు అడిగి తీసుకున్నాడు. అప్పుడే నేను వూది ఆపినా, రీడు యింకా తడిగా వుంది. నోట్లో పెట్టుకోబోయినాడు. నేనే ఆపి, "మేస్త్రీ, నేను మాదిగోణ్ణి" అన్నా. ఆయన వూదినాడు. పై స్థాయి, కింద స్థాయి రెండూ చూసినాడు. తీసి నా చేతిలో పెట్టి, "రీడు మెత్తబడింది అబ్బయ్యా, మార్చు" అన్నాడు. నేను చెప్పిన మాటకి ఆయన జవాబు అంతే. అంతకంటే పెద్ద జవాబు నేను ఏ మీటింగులోనూ వినలేదు.

అదే నెల్లూర్లో మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా కాడ రొట్టెల పండగ జరుగుద్ది. స్వర్ణాల చెరువు నీళ్ళలో నిలబడి ఎవురో తెలియని మనిషి చేతి రొట్టె తీసుకుని తింటారు. చదువు రొట్టె, సంతానం రొట్టె, యిల్లు రొట్టె అని అడుగుతారే గానీ ఎవురి యింటి పిండి అని అడగరు. ఏడాదిలో ఆ పండగ రోజుల్లో అడగని జనం మిగతా రోజులన్నీ అడగతానే వుంటారు. మేస్త్రి మాత్రం ఏ రోజూ అడగలేదు.

యింక నేర్చుకోవడం. శాక్సు వూదినోడికి క్లారినెట్టు దగ్గిర మొదటి దెబ్బ వేళ్ళకి తగుల్తుంది. శాక్సు బెజ్జాలకి మూతలుంటాయి. నువ్వు మూత నొక్కితే అదే పోయి బెజ్జాన్ని మూస్తుంది. నీ వేలు ఎట్టా వున్నా దానికి పట్టదు. క్లారినెట్టుకి ముందు ఆరు, వెనక బొటనవేలి కింద వొకటి, ఏడు బెజ్జాలు వుత్తవి. వాటిని వేలి కండతో మూయాల. వెంట్రుకవాసి సందు వున్నా గాలి పోయి కీచుమంటుంది. నేను అప్పట్లో ఎండాకాలం ఇసకపల్లి వుప్పు కయ్యల్లో కూలికి పోయేవాణ్ణి. వుప్పు తీసే కాలమూ పెళ్ళిళ్ళ కాలమూ వొకటే. వుప్పునీళ్ళకి వేళ్ళు పగిలి బీటలు వారేవి. ఆ బీటల్లో నించి గాలి జారేది. మేస్త్రి నా చెయ్యి తిప్పి చూసి, "నీ చేతులు పనోడి చేతులు. శాక్సు పనోణ్ణి క్షమిస్తుంది, యిది క్షమించదు" అన్నాడు. రాత్రిళ్ళు కొబ్బరినూనె, మైనం కరగేసి వేళ్ళకి పూసుకునేవాణ్ణి. వాయిద్యం పట్టుకుని గట్టిగా నొక్కి తీస్తే ప్రతి వేలి కండ మధ్యలో గుండ్రంగా అచ్చు పడాల. అచ్చు వొక పక్కకి పడినా, సగమే పడినా మూత సరిగ్గా లేదన్న మాట. మూడు నెలలు రోజూ ఆ అచ్చులు చూసుకోవడమే నా చదువు.

రెండో దెబ్బ స్థాయి మారే దగ్గిర. శాక్సులో ఎడమ బొటనవేలి తాళం నొక్కితే కింది 'స' పై 'స' అవుద్ది. క్లారినెట్టులో అదే వేలి తాళం నొక్కితే కింది 'స' పై స్థాయి 'ప' అవుద్ది. ఎందుకంటే శాక్సు గొట్టం గరాటు మాదిరి పైన సన్నం, కింద వెడల్పు. ఆ గొట్టంలో గాలి మొదటి ఎగురుకి రెండింతల శ్రుతికి పోతుంది. క్లారినెట్టు గొట్టం లోపల దాదాపు వొకే లావు. వొక పక్క మూసిన అట్టాంటి గొట్టంలో గాలి మొదటి ఎగురుకి మూడింతలకి పోతుంది. అందువల్ల పై స్థాయిలో వేళ్ళు శాక్సు వేళ్ళ మాదిరే వుంటాయి, కింది స్థాయిలో అవే వేళ్ళు వేరే స్వరం పలుకుతాయి. శాక్సోడు పై స్థాయిలో వూది నాకు వచ్చేసిందనుకుంటాడు. మేస్త్రి నన్ను ఆరు నెలలు పైకి పోనీలేదు. కిందనే వూదిచ్చినాడు.

ఆ రెండు స్థాయిల మధ్య దాటు వుంది. దాటుకి ముందు స్వరానికి వేళ్ళు దాదాపు అన్నీ లేచి వుంటాయి. ఆ పక్క స్వరానికి అన్ని వేళ్ళూ వొక్కసారిగా పడాల. వొక్కటి ఆలస్యమైనా కీచు. దీనికి వుపాయం ముందే కుడిచేతి వేళ్ళని మూసి పెట్టుకోవడం. దాటుకి ముందు స్వరంలో ఆ వేళ్ళు మూసినా పెద్ద తేడా రాదు. అప్పుడు దాటేటప్పుడు సగం పని అయిపోయి వుంటుంది. యీ కిటుకు పుస్తకాల్లోనూ వుంది. కానీ పుస్తకం మా పాళెందాకా రాలేదు, మేస్త్రి వొచ్చినాడు.

మూడోది నోరు. శాక్సు మౌత్‌పీసు నోట్లోకి దాదాపు తిన్నగా వస్తుంది, పెదాలు వదులుగా వున్నా పలుకుద్ది. క్లారినెట్టు కిందికి వాలి వొంటికి దగ్గిరగా వుండాల. గడ్డం చదునుగా లాగి పట్టాల. బుగ్గలు పొంగగూడదు. శాక్సు నోరుతో వూదితే శ్రుతి కిందికి జారిపోయి గొర్రె అరిచినట్టుంటుంది. అందుకని మేస్త్రి రోజూ వుత్త మౌత్‌పీసునే వూదిచ్చేవాడు, పై శ్రుతిలో కదలకుండా నిలబెట్టమని. వేళ్ళు వొకటే అయినా శ్రుతి గూడా వేరు. నా ఆల్టో శాక్సు ఈ ఫ్లాట్, క్లారినెట్టు బి ఫ్లాట్. వొకే వేళ్ళతో పాట మొదలుపెడితే వొకటి వొక చోట, యింకోటి యింకో చోట పలుకుద్ది. చెవి కొత్తగా పెట్టుకోవాల.

యిన్ని తిప్పలు పెట్టిన ఆ వుత్త బెజ్జాలే చివరికి నాకు మేలు చేసినాయి. శాక్సు మూత అయితే మూసుకోవాల, లేకపోతే తెరుచుకోవాల. స్వరాన్ని జార్చాలంటే పెదంతో, గొంతుతో తంటాలు పడాల. క్లారినెట్టు బెజ్జం మీద వేలిని సగం జరపవచ్చు, మెల్లగా లేపవచ్చు, వొరిపించవచ్చు. గమకం అక్కడ వుంది. సన్నాయికీ ఏడు వుత్త బెజ్జాలే. అందుకే మన సంగీతం క్లారినెట్టులో అంత బాగా కూర్చుంది. నా పగిలిన వేలు బెజ్జం మీద జారి మొదటిసారి తోడి గాంధారం వూగినప్పుడు మేస్త్రి నా వేపు చూడలేదు, కిటికీ వేపు తిరిగి తల వూపినాడు.

వొకసారి మూతలు చెడిపోతే రెండు వాయిద్యాలూ విప్పినాం. సముద్రపు గాలికి స్ప్రింగులు తుప్పు పడతాయి, మూతల కింద మెత్తలు వుబ్బుతాయి. శాక్సు మెత్తలు తోలువి. క్లారినెట్టు మెత్తల మీది సన్నటి పొర పశువు పేగుతో చేసేది. మా నాయన తోలు పట్టుకుని చూసి "యిది మేకది" అన్నాడు. దొరల వాయిద్యం లోపల గూడా తోలే. మృదంగానికి తోలు బిగించే దళిత క్రైస్తవుల గురించి టి.ఎం. కృష్ణ 2020లో 'సెబాస్టియన్ అండ్ సన్స్' అని పుస్తకం రాసినాడు. తోలు మీద చెయ్యేసి మోగించేవాడు వేదిక మీద, తోలు తీసినవాడు వేదిక కింద. సంగీతంలో మేం లేని చోటు లేదు, పేరు లేని చోట్లే వుండాయి.

1999 వైశాఖంలో మేస్త్రి నన్ను తన సెట్టులో రెండో క్లారినెట్టుగా వొక పెద్దయింటి పెళ్ళికి తీసుకుపోయినాడు. పందిరి లోపల, జముఖానా మీద. జీవితంలో మొదటిసారి కూర్చుని వూదినా. ఆ యింటి ముసలాయన కల్యాణి అడిగినాడు. మేస్త్రి నాకు సైగ చేసినాడు. వూదినా. ముసలాయన కళ్ళు మూసుకుని విన్నాడు. అయిపోయినాక లేచొచ్చి మేస్త్రి చేతిలో వంద కాయితం పెట్టినాడు. నా దగ్గిరికొచ్చి, యింకో కాయితం చేతికందిస్తా, "ఏ వూరు నాయనా? ఎవురి తాలూకు?" అన్నాడు. మేస్త్రి అందుకుని "మా పిల్లోడే" అన్నాడు. నేను "అల్లూరు కాడ మాదిగపాళెం అయ్యా" అన్నా. చెయ్యి ఆగింది. కాయితం నా చేతికి రాలేదు, జముఖానా అంచు మీద పడింది. కూడు టయానికి నాకు పసుల కొట్టం కాడ ఆకేసినారు. మేస్త్రి తన ఆకు ముందు నించి లేచొచ్చి నా పక్కన కూర్చున్నాడు. మర్సంవత్సరం అదే యింట్లో యింకో పెళ్ళికి బయానా వచ్చింది, ఆ పిల్లోడు లేకుండా రమ్మని. మేస్త్రి బయానా తిప్పి పంపించినాడు. ఆ సీజనులో ఆయనకి అది పెద్ద బేరం.

విద్య వుంటే కులం పోతుందని చెప్పేవాళ్ళకి ఆ వంద కాయితం చూపిస్తా. విద్య వచ్చినా కాయితం కిందనే పడింది. కానీ అంతకుముందు అరగంట సేపు నా వూపిరి ఆ ముసలాయన చెవిలోకి పోయింది. దాన్ని ఆయన తుడుచుకోలేడు.

యిప్పుడు వుద్యమంలో వుండే తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి వొక మాట. 1994లో ఈదుముడి నించి దండోరా లేచినాక డప్పు మన జెండా అయింది. అంతకుముందు చావుమేళం అని తిట్టిన వాయిద్యాన్ని భుజాన వేసుకుని తలెత్తుకుని నడిచినాం. దాని విలువ నాకు తెలుసు, అది మా తాత చెయ్యి. ప్రభుత్వం డప్పు కళాకారులకి పింఛను యిస్తా వుంది. 2024 జులై నించి నెలకి 4,000 రూపాయలు. మంచిదే. అదే మనిషి ముప్పై ఏళ్ళు బ్యాండులో క్లారినెట్టు వూదివుంటే ఆ లెక్కలోకి రాడు. ఏప్రిల్ 14 వూరేగింపుకి మేం ఎర్రకోట్లతో వస్తే, "అన్నా, బ్యాండు వద్దు, అది మన కళ కాదు, పలకలతో రాండి" అన్న కుర్రోళ్ళు వుండారు. నాకు బాధేసింది. వూరు మమ్మల్ని పలక దగ్గిర నిలబెట్టింది బలవంతాన. మనోళ్ళు నిలబెట్టేది ప్రేమతో. నిలబడే చోటు మాత్రం వొకటే. దొరికిన సందులో దూరి, పగిలిన వేళ్ళతో, వొకరి ఎంగిలి వొకరు పంచుకుని మూడు తరాలు నేర్చుకున్నది మన కళ కాకుండా ఎట్టా పోతుంది?

డీజే పెట్టెలు వచ్చినాక బ్యాండు సెట్లు చానా లేచిపోయినాయి. మాదీ లేచిపోయింది. సాయంత్రాలు పాళెం కమ్యూనిటీ హాల్లో పిల్లకాయలకి నేర్పిస్తుండా. ఎనిమిది మంది, అందులో ముగ్గురు ఆడపిల్లలు. క్లారినెట్లు రెండే, శాక్సు నాదొక్కటే. 2020 కరోనా తర్వాత ఎవురి మౌత్‌పీసు వాళ్ళకి కొనిచ్చినాం. నేను వూది చూపించాలంటే నా మౌత్‌పీసు తగిలించుకుని వూదతా. నా చేతిది నీళ్ళతో కడిగినా, వాళ్ళది కడిగినా వొకే నీళ్ళు. శుభ్రానికీ అంటుకీ తేడా అదే, శుభ్రం అందరికీ వొకే లెక్క కడుతుంది. పోయినేడు వూళ్ళో నించి వొక పిల్లోడు వచ్చినాడు, మనోడు కాదు. రెండు వారాలు వచ్చి ఆగిపోయినాడు. యింట్లో ఏమన్నారో నేను అడగలేదు. వాడి మౌత్‌పీసు డబ్బాలో పెట్టే వుంచినా.

మీటింగుల్లో మీరు సీట్లు అడుగుతారు, వుద్యోగాలు అడుగుతారు, భూమి అడుగుతారు. అడగండి. వాటితో పాటు మన హాస్టళ్ళల్లో, అంబేద్కర్ గురుకులాల్లో పిల్లకాయలకి వాయిద్యాలు, వాటిని నేర్పే మేస్త్రీలు కావాలని గూడా అడగండి. ఆ మేస్త్రి మన పిల్లోడి వాయిద్యాన్ని అందుకుని నోట్లో పెట్టుకుని వూది చూపించేవాడై వుండాల.